దీనమ్మ చూపు

మొన్న మా చెల్లెలి మనవరాలు హారిక ప్రొద్దుటూరు నుంచి వచ్చి పులివెందులలో నా దగ్గర రెండు రోజులు ఉంది. నన్ను చూడటానికి వచ్చానంది గానీ అసలు పని నాకు నలభై ముఖాలు చూపించడం. కాలేజీలో మనస్తత్వ శాస్త్రం చదువుతోంది. ముఖం చూసి మనిషి గుణం చెప్పే అలవాటు అన్ని దేశాల్లోనూ ఉందట. మన వైపు పెద్దవాళ్లు ఏం చెబుతారో అడిగి రాసుకురమ్మని వాళ్ల మేడం పంపిందట. చేతిలో ఇమిడే కంప్యూటరులో ఏ ఏ దేశాల వాళ్లవో ముఖాలు ఒక్కొక్కటే వస్తాయి. కింద ప్రశ్నలు: ఈ మనిషిని నమ్మవచ్చా, కోపిష్టా, దయ ఉందా. ఒకటి నుంచి ఏడు దాకా మార్కు వేయాలి. నేను ముప్పై నాలుగేళ్లు బడిలో లెక్కలు చెప్పినదాన్ని. ఏడు అంటే ఏమిటి, దేనితో కొలిచిన ఏడు అని అడిగాను. నీకు అనిపించింది వెయ్యవ్వా, అంతే, అంది. అనిపించినదానికి మార్కులు వేసే పరీక్ష నేనెన్నడూ పెట్టలేదు. అయినా వేశాను. గోడ గడియారం చూసుకుంటూనే ఉన్నాను, నలభై ముఖాలకూ కలిపి పదకొండు నిమిషాలు పట్టింది. ఒక్క ముఖం దగ్గరా నా వేలు తడబడలేదు. అందుకే నా మీద నాకే ఒళ్లు మండింది.

ముప్పై ఒకటో ముఖం ఎవరో నడివయసు ఆడమనిషిది. ఎడమ కంటి రెప్ప సగం వాలి ఉంది. నమ్మకానికి రెండు వేశాను. పక్కన కూర్చున్న హారిక నవ్వి, "సూడవ్వా, అచ్చం దీనమ్మ సూపు" అంది. దీనమ్మ ఎవరో తెలుసా అని అడిగాను. "ఎవురుంటారు? ఓరగా సూస్తే అంటారు గదా. మా నాయనమ్మ అంటాది, మాయమ్మ అంటాది" అని తరవాతి ముఖం తీసింది. నిజమే, మా ఇంట్లో అది సామెతైపోయింది. పిల్లలు ఏదైనా దాచి ఓరగా చూస్తే దీనమ్మ సూపు సూడొద్దంటారు. అల్లుళ్లూ కోడళ్లూ కూడా నేర్చుకున్నారు. అది ఒక మనిషి పేరని తెలిసినవాళ్లు మా వంశంలో ఇప్పుడు ఇద్దరమే మిగిలాం, నేనూ మా చెల్లెలు సరోజా. ఆ మాటకు దారి తీసిన సాయంత్రం నేను అక్కడే ఉన్నాను. దాన్ని పుట్టకుండా ఆపగలిగినదాన్ని కూడా నేనొక్కదాన్నే.

మా నాయనకు ప్రొద్దుటూరులో ఉద్యోగం. ఎండాకాలం సెలవులు రాగానే నన్నూ సరోజనూ జమ్మలమడుగు దగ్గర పల్లెలో ఉన్న మా జేజి దగ్గరికి పంపేవాడు. జేజి అంటే మా నాయన తల్లి. అబ్బ, అంటే తాత, చనిపోయాక ముప్పై ఎకరాల మెట్ట సేద్యం ఆమే చేయించేది. తెల్లవారగానే ముక్కుపొడి వేసుకుని, చల్ల పోసిన సంగటి తాగి, వీధి అరుగు మీద కూర్చునేది. ఆమె పక్కన కూర్చుంటే ముక్కుపొడి ఘాటూ, పులిసిన చల్ల వాసనా, తలకు రాసుకున్న ఆముదం వాసనా కలిసి వచ్చేవి. ఊళ్లో జేజికి ఒక పేరుంది, ముఖం చూసి మనిషిని చెబుతుందని. జీతగాణ్ణి పెట్టుకోవాలన్నా, పిల్లను చేసుకోవాలన్నా ముందు తీసుకొచ్చి జేజి ముందు నిలబెట్టేవాళ్లు. పెదవులు పలచనైతే పని పలచన, నుదురు ఇరుకైతే మనసు ఇరుకు, చెవి తమ్మె దిగితే నమ్మినబంటు. "ఎద్దుకు పండ్లు సూడాల, మనిసికి మొగం సూడాల" అనేది. ఈ వాక్యం మీద నాకున్న కోపం ఇప్పటికీ తగ్గలేదు. ఎద్దును కొనేటప్పుడు జేజి పండ్లతో సరిపెట్టుకునేది కాదు. సుడులు చూసేది, నడిపించేది, కాడి కట్టించి అరక దున్నించేది, ఒక పూట గడ్డి వేసి ఎట్లా మేస్తుందో చూసేది. ఎద్దుకు ఒక పగలంతా ఇచ్చే మనిషి, మనిషికి నాలుగు ఊపిర్ల సేపు కూడా ఇచ్చేది కాదు.

నాది గంటు మొగమని జేజి నా ఏడో ఏటనే తేల్చింది. ఏదైనా లెక్కపెడుతున్నప్పుడు నా కనుబొమలు దగ్గరికొస్తాయి. నేను ఎప్పుడూ ఏదో ఒకటి లెక్కపెడుతూనే ఉంటాను. సరోజది నగుమొగం. ఉట్టిలో బెల్లం తగ్గితే నాకు దెబ్బ పడేది, తిన్న సరోజ నవ్వుతూ జేజి ఒళ్లో కూర్చునేది. నేను ఎన్నిసార్లు దెబ్బలు తిన్నానో గుర్తుంది, ఒక ఏడు సెలవుల్లోనే ఆరుసార్లు. అందులో నా తప్పు ఒక్కటి. నా ముఖం విషయంలో అన్యాయం జరిగిందని అంత బాగా తెలిసినదాన్ని, ఇంకొకరి ముఖం విషయంలో నోరు విప్పుతానని ఎవరైనా అనుకుంటారు. నేనూ అట్లాగే అనుకున్నాను.

మృగశిర కార్తెకు ముందు వేరుశనగ విత్తనం ఒలిపించాలి. ఇప్పుడు యంత్రం తెచ్చి ఒక్క పూటలో ముగిస్తున్నారు. అప్పుడు ఎనిమిది మంది ఆడవాళ్లు తొమ్మిది రోజులు కూర్చుంటే గానీ అయ్యేది కాదు. కాయల మీద నీళ్లు చిలకరించి, మెత్తబడ్డాక చిన్న రాయితో కొట్టి, పప్పు నలగకుండా తీయాలి. తడిసిన పొట్టు వాసన, మట్టి వాసన ఇల్లంతా నిండేది. వేళ్ల చివర్లు చీలిపోయేవి. ఒలిచేవాళ్లు పప్పు నోట్లో వేసుకోకుండా జేజికి ఒక కట్టడి ఉంది. పని జరుగుతున్నంతసేపూ పాట ఆగకూడదు. నోరు ఆడుతుంటే పప్పు నోట్లోకి పోదని ఆమె లెక్క. ఒకరు అందుకుంటే మిగతావాళ్లు పలకాలి. ఎవరి నోరు ఆగితే వాళ్ల వైపు జేజి తల తిరిగేది. ఎవరిని పనిలో కూర్చోబెట్టాలో కూడా ఆమే పొద్దున అరుగు మీద నుంచి ముఖాలు చూసి పిలిచేది. అందరికన్నా ముందు నారాయణమ్మను పిలిచేది. గుండ్రటి పసుపు ముఖం, రూపాయంత బొట్టు, బుగ్గ మీద సొట్ట. విత్తే రోజున మొదటి గింజలు జేజి ఆమె చేతిలోనే పోసేది, అంత చల్లని ముఖమని.

నేను ఐదో తరగతి ముగించిన ఏడు వాన ముందే పడింది. ఊళ్లో అందరూ ఒకేసారి విత్తనానికి దిగారు, మనుషులు దొరకలేదు. అందుకని జేజి అంతకు ముందు రెండేళ్లు వెనక్కి పంపిన దీనమ్మను ఆ ఏడు పిలవక తప్పలేదు. ఊరి చివర చర్చి పక్కన ఉండేది. ముప్పై ఏళ్లుంటాయి. పుట్టుకతోనే ఎడమ రెప్ప సగం వాలి ఉండేది. అందువల్ల నేరుగా చూడలేక తల కొంచెం తిప్పి చూసేది. "ఆ సూపే సెప్తాంది. కొలతలు నువ్వు సూసుకో పాపా" అని జేజి శేరునూ పలకనూ నాకు అప్పజెప్పింది. దీనమ్మను అందరికీ దూరంగా, ఎద్దులను కట్టే గాడిపాడి వైపు విడిగా కూర్చోబెట్టింది. ముఖం అన్నాం గానీ, మేం చూసింది ముఖమొక్కటే కాదని ఇప్పుడు రాయగలను. అప్పుడు ఆ ఆలోచన రాలేదు.

దీనమ్మకు మావాళ్లు పాడే పాటలు రావు. ఆమెకు వచ్చినవి చర్చి కీర్తనలు. ఆ ఇంట్లో వాటిని ఎత్తుకోవడానికి జంకింది. కాబట్టి ఎనిమిది నోళ్లలో ఒక్క నోరు మూసుకుని ఉంది. మూసుకున్న నోరంటే తింటున్న నోరు. రెండో రోజు మధ్యాహ్నం జేజి లేచి వెళ్లి అందరి ముందూ ఆమెను నోరు తెరవమంది. తెరిచింది. ఒక విరిగిన పన్ను తప్ప ఏమీ లేదు. జేజి తిరిగొచ్చి కూర్చుంటూ మింగేసిందంది. ఉంటే తిన్నట్టు, లేకుంటే మింగినట్టు. ఇట్లాంటి లెక్కను బడిలో ఏ పిల్లయినా నా ముందు చేసి ఉంటే పలక విసిరేసేదాన్ని.

నా లెక్క వేరు. గంపకు పన్నెండు శేర్ల కాయలు ఇస్తే ఐదు శేర్ల పప్పు రావాలి. ఎనిమిది గంపలకు నలభై. మొదటి రోజు అన్నీ కలిపి కొలిస్తే అర శేరు తక్కువ పడింది. రెండో రోజు నుంచి ఎవరి పప్పు వాళ్లకే విడిగా కొలిచాను. ఆరు గంపల్లో ఐదేసి శేర్లు. దీనమ్మ గంపలో ఐదూ, పైన పిడికెడు. నారాయణమ్మ గంపలో నాలుగున్నర. మూడో రోజూ అంతే. కాయలో తేడా ఉందేమోనని నాలుగో రోజు ఒకే బస్తా లోంచి ఇద్దరికీ పోశాను. ఐదో రోజు దీనమ్మకని పోసిన గంప నారాయణమ్మకూ, నారాయణమ్మకని పోసింది దీనమ్మకూ మార్చాను. ఏమీ మారలేదు. పదకొండేళ్ల పిల్లకు అంతకన్నా ఏ పరీక్ష తోస్తుంది? డెబ్బై మూడేళ్ల మనిషికీ తోచడం లేదు.

ఆరో సాయంత్రం కొలతలయ్యాక జేజి అందరినీ నిలబెట్టింది. రోజుకు అర శేరు పోతోందని, తీసినవాళ్లు ఎవరో తనకు మొదటి రోజే తెలుసని, దీనమ్మ రేపటి నుంచి రావద్దని చెప్పింది. ఆ మాటకు అర్థం మూడు రోజుల పని పోవడం కాదు. జేజి గడపలోంచి పంపించిన మనిషిని ఆ వీధిలో ఇంకెవరూ పిలవరు. ఆ సంగతి నాకు తెలుసు. పలక పట్టుకుని ముందుకు వచ్చి, తక్కువ పడింది దీనమ్మ గంపలో కాదని చెప్పాను.

"మరి యెవురి గంపలో?" అంది జేజి.

నేను నారాయణమ్మ వైపు తిరిగాను. ఆమె భయపడి ఉంటే, తల దించుకుని ఉంటే చెప్పేసేదాన్ని. ఆమె నా వైపు చూసి, బుగ్గ సొట్ట పడేట్టు నవ్వి, "ఏంది పాపా, శానా అలిసిపోయినట్టుండావే" అంది. అంత చల్లగా ఉంది ఆ ముఖం. నా చేతిలో ఐదు రోజుల కొలతలున్నాయి, ఐదూ ఒకే మాట చెబుతున్నాయి. అయినా ఆ ముఖం చూసిన తరవాత నా కొలత మీద నాకే అనుమానం వచ్చింది. శేరును అంచుకు సమంగా తలగొట్టానో లేదో, చేతిలోంచి జారిందేమో అనిపించింది. ఇందులో జేజి భయం ఉంది, లేదనను. కానీ భయమొక్కటే కాదు. ఆ క్షణాన నేను నిజంగానే నమ్మలేకపోయాను.

"సరిగ్గా తెలీదు జేజీ. మళ్లీ కొలవాల" అన్నాను.

"తెలీనప్పుడు నోరు మూసుకో. పొద్దున్నించి గంటు మొగమేసుకోని నువ్వొగదానివి."

దీనమ్మ ఎవరూ అడక్కుండానే కొంగు విప్పి దులిపింది. పొట్టు ముక్కలు రాలాయి. మంచినీళ్ల చెంబు తీసుకుని నా పక్కగా పోతూ ఆగింది. ఆ వాలిన రెప్పతో తల తిప్పి నన్నే చూసింది. "నాకు సదువు రాదు బిడ్డా. నీ పలక మీద ఏం రాసినావో నాకు తెల్దు. నువ్వు సూసుకో" అని వెళ్లిపోయింది. ఆమె గొంతులో కోపం లేదు. ఉండి ఉంటే నాకు కొంత సులువుగా ఉండేది.

మిగతా మూడు రోజులు కొలవనివ్వమని అడిగాను. దొంగ పోయింది గదా, ఇంక కొలిచేదేముందని జేజి శేరును అటక ఎక్కించింది. కాబట్టి ఆ మూడు రోజులకు నా దగ్గర లెక్క లేదు. వారం తిరక్కుండానే సరోజ ఏదో దాచి ఓరగా చూస్తే, జేజి నవ్వుతూ, దీనమ్మ సూపు నేర్చినావేమే అంది. అందరూ నవ్వారు. నాకూ నవ్వు వచ్చిందని ఇక్కడ రాయాలి.

తరవాత నేను చదువుకుని పులివెందుల వైపు బడుల్లో లెక్కల టీచరునయ్యాను. పిల్లలు నా ముఖం చూసి వరండాలోనే మాటలు ఆపేవారు. పరీక్ష హాలు కాపలా అంటే హెడ్మాస్టర్లు నా పేరే వేసేవారు, ఆ ముఖం చూస్తే ఎవడూ కాపీ కొట్టడని. ముప్పై నాలుగేళ్లలో కాపీ కొడుతుండగా యాభై రెండు మందిని పట్టుకున్నాను. ఈ సంఖ్య చాలా ఏళ్లు గర్వంగా చెప్పుకున్నాను. హారిక వెళ్లిపోయాక కూర్చుని ఆలోచిస్తే, ఆ సంఖ్యకు పక్కన ఉండాల్సిన ఇంకో సంఖ్య నా దగ్గర లేదని తెలిసింది. మూడు గంటల పరీక్షలో నేను ఎవరి వెనక ఎంతసేపు నిలబడ్డాను? తల వంచుకుని ఓరగా చూసే పిల్లల వెనక నిలబడ్డాను. చక్కగా నవ్వే పిల్లల పక్కనుంచి నడిచి వెళ్లిపోయాను. నిలబడ్డ చోటే దొరుకుతారు. దొరికారు కాబట్టి నా కన్ను గొప్పదనుకున్నాను. జేజి శేరును అటక ఎక్కించింది, నేను అసలు కిందికి దించనే లేదు. అంతకన్నా తేడా ఏమీ లేదు. ఇప్పుడు నేను బతికే ఉన్నానని పెన్షను కోసం ఏటా ఫోనుకు ముఖం చూపించాలి. రెండుసార్లు రెప్ప వేయమంటుంది. ఈమె ఈమేనా అని మాత్రమే అడుగుతుంది, మంచిదా చెడ్డదా అని అడగదు. ఆ ఒక్క విషయంలో ఫోను మాకన్నా నయం. ఎన్నాళ్లు నయంగా ఉంటుందో తెలియదు.

పోయిన బుధవారం బస్సెక్కి ముద్దనూరు మీదుగా జమ్మలమడుగు పోయి, అక్కడి నుంచి ఆటోలో మా పల్లెకు వెళ్లాను. దీనమ్మ చనిపోయి చాలా ఏళ్లయిందట. కూతురు సువార్తమ్మ ఉంది, నాకన్నా ఐదారేళ్లు చిన్న. వాకిట్లో కూర్చుని చింతపండు గింజలు తీస్తోంది. ఫలానా వాళ్ల మనవరాలినని చెబితే పీట వేసి, మజ్జిగ ఇచ్చి, చాలా మర్యాద చేసింది. వాళ్లమ్మ గురించి అడిగితే తనే చెప్పుకుపోయింది. ఆ ఏడు విత్తనాలప్పుడు పల్లెలో పని దొరకలేదట. చిలమకూరు అవతల నాపరాళ్ల గనికి ఇంటిల్లిపాదీ పోయారట. రెండో నెలలో బండ జారి దీనమ్మ కుడిచేతి వేళ్లు రెండు నలిగిపోయాయట. "గనిలో కూలి ఎక్కువని పోయినామనేది మాయమ్మ. పల్లెలో ఎందుకు పని దొరకలేదో ఎప్పుడూ సెప్పలా" అంది.

అంటే ఆమె దొంగతనం మాట పిల్లలకు చెప్పనే లేదు. మజ్జిగ తాగి గ్లాసు కింద పెట్టాను. మీ అమ్మ దొంగ కాదని చెప్పాలంటే, దొంగ అన్నారని ముందు చెప్పాలి. చెప్పకుండా లేచి రావచ్చు. మజ్జిగ బాగుందని చెప్పి బస్సెక్కవచ్చు. కానీ ఒకసారి తెలిసీ తెలియదన్నాను, రెండోసారి అనడం చేతకాలేదు. అంతా చెప్పాను. గంపలు, కొలతలు, పలక, నా మాట, చివరికి మా ఇంట్లో ఆ సామెత కూడా. సువార్తమ్మ చేతులు చింతపండులోనే ఆగిపోయాయి. తీసిన గింజలను పక్కకు నెట్టింది.

"ఇది సెప్పనీకి అంత దూరం నుంచి వచ్చినావా?" అంది. "మాకు మాయమ్మ సంగతి తెల్సు. దొంగది కాదని నువ్వొచ్చి సెప్పాల్నా?"

నేను తప్పయిందన్నాను.

"తప్పు ఒప్పు కాదమ్మా. తెలీనోళ్లు యాడుండారు? ఈడ ల్యారు. మీ ఇంట్లో ఉండారు. ఆడికి పోయి సెప్పు. మీ పిల్లోళ్లు మాయమ్మ పేరు పెట్టుకోని నగుతాంటే, నువ్వొచ్చి నాకు సెప్తాండావు."

లేచి వచ్చేశాను. ఆటో దాకా ఆమె రాలేదు, రావలసిన పనీ లేదు. ఆ సాయంత్రమే ప్రొద్దుటూరు పోయి సరోజకు చెప్పాను. ఇన్నేళ్లకు ఇప్పుడెందుకక్కా, జేజి అంత తప్పు చేసే మనిషా, అంది. హారిక మాత్రం అంతా విని, నువ్వు ఇది రాయవ్వా, అందరూ చదువుతారు, అంది.

అందుకని రాస్తున్నాను. ఇది మా ఇంటివాళ్ల కోసం. నారాయణమ్మ గంపలో ఐదు రోజులూ అర శేరు చొప్పున తక్కువ పడింది. ఆమె తిన్నదో, పట్టుకుపోయిందో, ఇంకేమైనా జరిగిందో నేను చూడలేదు కాబట్టి రాయను. దీనమ్మ గంపలో ఒక్క రోజు కూడా తక్కువ పడలేదు. కొలిచింది నేను. అడిగినప్పుడు తెలియదన్నదీ నేనే. పిల్లలను మందలించడానికి ఇకమీదట ఒక పేరు కావలసి వస్తే, నా పేరు వాడుకోండి.